హద్దు రాళ్ల వెంట

తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే మూడు. మూడూ హైదరాబాదును అంటిపెట్టుకునే ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి (కేబీఆర్) పార్కు, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో మృగవని. నల్లమలలో పులి తిరిగే అమ్రాబాద్‌కు ఆ పేరు లేదు, ఆదిలాబాద్ వైపు కవ్వాల్‌కూ లేదు. అవి అభయారణ్యాలు, టైగర్ రిజర్వులు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. కేబీఆర్ పార్కు ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా నిండదు. నేషనల్ పార్కు అన్న పేరు మాత్రం ఆ చిన్నదానికే దక్కింది.

ఎందుకంటే పాత కథ ఉంది. వనస్థలి నిజాం వేటకు వెళ్లిన మైదానం. కేబీఆర్ పార్కు నిజాం వారసుల చిరాన్ ప్యాలెస్ ఆవరణ. వేటకోసమో విడిదికోసమో కంచె వేసుకున్న నేల కాబట్టి నగరం మింగలేకపోయింది, తర్వాత ప్రభుత్వాలు దానికి పెద్ద పేరు పెట్టాయి. నగరానికి ఉత్తరాన అలాంటి అదృష్టం పట్టలేదు. అటువైపు కంటోన్మెంటు, బొల్లారం, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. వేటకు వచ్చే దొరల కన్నా కవాతు చేసే సిపాయిలకే అలవాటైన దిక్కు.

అందుకే మేడ్చల్, శామీర్‌పేట అనగానే రిసార్టులు, ఫామ్‌హౌసులు, మందుల కంపెనీలు, ప్లాట్ల బోర్డులు గుర్తొస్తాయి గానీ అడవి గుర్తు రాదు. కానీ అవుటర్ రింగు రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద పోతూ చూడండి. బండరాళ్ల మధ్య పొదలు పొదలుగా, మార్చి నెలలో అయితే సగం ఎండి సగం మోదుగుపూల ఎరుపుతో కనిపించే ఆ నేల చాలాచోట్ల రిజర్వ్ ఫారెస్ట్. నేషనల్ పార్కు కాదు, అభయారణ్యం కాదు, పర్యాటక పటంలో చుక్క కూడా కాదు. అయినా ఉంది. ఎలా ఉండగలిగిందన్నది చూద్దామనే మా బావను వెంటబెట్టుకుని బయల్దేరాను.

మా బావ, అంటే మా అక్క భర్త, అటవీ శాఖలో ఫారెస్టర్‌గా చేరి రేంజర్‌గా రిటైరైన మనిషి. బండి నడిపేటప్పుడు ఆయన రోడ్డు చూడడు, రోడ్డు పక్క చూస్తాడు. కాబట్టి స్టీరింగ్ నా చేతిలోనే పెట్టుకున్నాను. సికింద్రాబాదు నుంచి రాజీవ్ రహదారి పట్టి అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట చేరి, అక్కడి నుంచి మేడ్చల్ వైపు మళ్లి, కండ్లకోయ, దూలపల్లి మీదుగా కొంపల్లిలో తేలాలన్నది పథకం. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే ఈ దారి ఇరవై నిమిషాలట. "ఇరవై నిమిషాల్ల వస్తే ఇక్కడ ఏముంటదని వస్తరో జూడాలె" అన్నాడు బావ.

శామీర్‌పేట పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్లేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నిజాం కాలపు చెరువు. ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కలేదు. వేసవి దగ్గర పడటంతో నీళ్లు అంచుల నుంచి వెనక్కి జరిగి, బయటపడిన ఒండ్రు మీద కొంగలు నిలబడ్డాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. కట్ట కింద మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె అప్పుడే బొగ్గులు రాజేస్తోంది.

"ఆ కొంగ ఏ శాఖ కిందికి వస్తది, బామ్మర్దీ?" బావ ప్రశ్న.

అటవీ శాఖే కదా అన్నాను. నవ్వాడు. కొంగ అటవీ శాఖదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో ఉన్న పక్షి ఎక్కడ వాలినా దాన్ని కొట్టడం నేరం. కానీ అది నిలబడ్డ నీళ్లు అటవీ శాఖవి కావు. కట్ట, తూము, అలుగు నీటిపారుదల వాళ్లవి. చేపలు మత్స్య సంఘం వాళ్లవి. నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమి రెవెన్యూ లెక్కల్లోది. నిండుకుండలా ఉన్నప్పుడు నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. దాని అవతల ముప్పై మీటర్లు బఫర్ జోన్. ఆ రెంటినీ కాపాడాల్సింది పట్టణాభివృద్ధి అధికారులు. ఉమ్మడి కాపురంలో బావి లాంటిదన్నమాట, తోడుకునేవాళ్లంతా ఉన్నారు, పూడిక తీసేవాడి వంతు ఎప్పుడన్నదే తేలదు.

మరి చెరువుకు కూడా అభయారణ్యమని పేరు పెడితే సరిపోతుంది కదా అని నాకు అనిపించింది. కానీ ఆ ముచ్చట మన తెలుగునేల మీదే చూశాం. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. సముద్రమట్టానికి ఐదో కాంటూరు దాకా హద్దు గీశారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకూ ఎక్కింది. ఇంత పేరున్నా ఆ హద్దు లోపలే చేపల చెరువులు వేల ఎకరాల్లో పరుచుకున్నాయి. 2006లో పొక్లెయినర్లు పెట్టి, కట్టలు పేల్చి వాటిని తొలగించాల్సి వచ్చింది. హద్దు కాగితం మీద గీసినవాళ్లకు తెలుసు, ఆ నేల దున్నుకునేవాళ్లకు అది ఎప్పుడూ కంటికి కనపడలేదు. ఐదో కాంటూరు నీళ్లలో రాయిలా నిలబడి ఉండదు కదా.

చెరువు పక్కనే జవహర్ జింకల పార్కు. టికెట్ తీసుకుని లోపలికి వెళితే పెద్ద చెట్ల నీడ, కంచె అవతల చుక్కల జింకలు, కృష్ణజింకలు. చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింక ఉమ్మడి రాష్ట్రానికి ఆ హోదాలో ఉండేది. రెండూ ఒకే పార్కులో, కొమ్ములు తిరిగిన మగ కృష్ణజింక ఒకటి మాజీ మంత్రి దర్జాతో మందకు కాస్త ఎడంగా నిలబడి ఉంది. బడి పిల్లలు కంచె దగ్గర చిప్సు ప్యాకెట్లు విప్పుతుంటే వాళ్ల పంతులమ్మ అరిచి అరిచి అలసిపోయింది.

ఇక్కడ చట్టం ఒక తమాషా చేస్తుంది. కంచెలో ఉంచి జనానికి చూపించే జంతువు, అది జింకే అయినా, వన్యప్రాణి చట్టంలో జూల అధ్యాయం కిందికి వస్తుంది. ఆ అధ్యాయం 1991 సవరణతో చేరింది. దాని కింద సెంట్రల్ జూ అథారిటీ ఏర్పడింది. జంతువుకు ఎంత స్థలం ఉండాలి, పశువైద్యుడు ఎప్పుడు రావాలి, ఎన్ని పుట్టాయి ఎన్ని పోయాయన్న రిజిస్టరు, అన్నీ ఆ నియమాల ప్రకారం. కంచె అవతల పొదలో తిరిగే జంతువుకు వేరే అధ్యాయం. మేం చూస్తుండగా ఒక నెమలి బయటి నుంచి ఎగిరి కంచె మీద వాలి, లోపలికి దిగి, జింకలకు పెట్టిన దాణాలో రెండు గింజలు ఏరుకుని మళ్లీ బయటికి పోయింది. ఆ పది నిమిషాల్లో అది ఏ అధ్యాయంలో ఉందో బావ కూడా చెప్పలేకపోయాడు.

జింకల్ని పెంచడం కష్టం కాదు, పెరగకుండా ఆపడం కష్టమని బావ అనుభవం. తినడానికి దొరికి, తినేవాడు లేకపోతే మంద ఏటేటా పెరుగుతుంది. మేత చాలదు, మగవి పొడుచుకుంటాయి, రోగం వస్తే అన్నింటికీ అంటుకుంటుంది. ఇది జూ గోల మాత్రమే కాదు. వనస్థలి లాంటి నేషనల్ పార్కుదీ ఇదే తంటా. చుట్టూ కాలనీలు, మధ్యలో గోడ, లోపల పులీ చిరుతా లేని అడవి. బయటికి పోయే దారి లేదు, కొత్త రక్తం వచ్చే దారి లేదు. నగరపు పార్కుల్లోని చుక్కల జింకల్ని పట్టి పులులున్న అడవులకు తరలించే పని చేపట్టింది ఇందుకే. అంటే నేషనల్ పార్కు అని పేరు పెట్టుకున్న చోట కూడా మనిషి లెక్కలు వేసి, ఎత్తి, దించాల్సిందే. దాన్ని ప్రకృతికి వదిలేశామని అనుకోవడం మన మనశ్శాంతి కోసమే.

శామీర్‌పేట దాటాక కొంచెం దూరం రాజీవ్ రహదారి మీదే పోయి చూశాం. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ, 1999 నుంచి పెరుగుతూ వచ్చిన టీకాల, మందుల సామ్రాజ్యం. ఈ చుట్టుపక్కలే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ ప్రాంగణం. అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేటు. 2016లో రంగారెడ్డి నుంచి విడిపోయి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అయ్యాక ఇటు భూమి ధర ఎలా లేచిందో చెప్పడానికి దారి పొడవునా బోర్డులున్నాయి. నన్ను ఆపిన బోర్డు మాత్రం ఒకటే. "మీ ఇంటి పక్కనే రిజర్వ్ ఫారెస్ట్! ఎవరూ కట్టలేని పచ్చదనం మీ కిటికీలో!" అని ప్లాట్లు అమ్ముతున్నారు.

నాకు మొదట కోపం వచ్చింది. బావకు మాత్రం సంతోషం. "గా బోర్డు రాసినోనికి మా శాఖ మీద ఎంత నమ్మకమో జూడు. ఆ పక్కన ఎప్పటికీ ఇల్లు లేవదని పైసలు తీసుకుంటుండు."

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తానని మేడ్చల్ వైపు మళ్లాక ఒకచోట బండి ఆపించాడు. రోడ్డు పక్కన మట్టి దారి, దాని వెంట కందకం, కందకం అవతల ఇనుప జాలీ. ఆ జాలీ వెంబడి బయటి నుంచే కొంత దూరం నడిచాం. వయ్యారిభామ మోకాళ్ల దాకా పెరిగింది. ఒక మూల మీద నేలలో పాతిన రాయి కనిపించింది. సున్నం ఎప్పుడో పోయింది. మీద చెక్కిన అంకె సగం చెరిగిపోయింది. చుట్టూ పేర్చిన రాళ్ల కుప్ప చెదిరింది. బావ వంగి ఆ అంకెను వేలితో తడిమి చూశాడు. "ఇదీ అడవి" అన్నాడు.

పైపైన చూస్తే అదేదో గొప్ప మాటలా ఉంటుంది గానీ ఆయన చెప్పింది ఆఫీసు భాషలోనే. నేల అడవి కావాలంటే చెట్లుంటే చాలదు. ముందు ప్రభుత్వం ఫలానా సర్వే నంబర్లను రిజర్వు చేయదలిచామని నోటిఫికేషన్ ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 1967 అటవీ చట్టంలో అది నాలుగో సెక్షన్. తర్వాత ఫారెస్ట్ సెటిల్‌మెంట్ అధికారి ఊరికొచ్చి ఆ నేల మీద ఎవరికి ఏ హక్కుందో, మేపుకునే హక్కా, దారి హక్కా, పట్టానా, అన్నీ విని తేల్చాలి. అప్పుడు పదిహేనో సెక్షన్ కింద తుది ప్రకటన. అంతకుముందు నిజాం రాజ్యంలో 1355 ఫస్లీ, అంటే 1945 నాటి హైదరాబాద్ అటవీ చట్టం కింద రిజర్వు చేసినవీ ఉన్నాయి. ఇదంతా అయ్యాక సర్వే చేసి మూలమూలకూ రాయి పాతి అంకె వేస్తారు. ఆ తర్వాత ఆ నేలను అడవేతర పనికి వాడాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి తప్పదు. ఆ ప్లాట్ల వ్యాపారికి వెన్నుదన్నుగా నిలబడింది ఈ చట్టాల వరస. అడవి అందం ఆయనకు అక్కర్లేదు.

ఇది లేని నేల గతి ఏమవుతుందో నగరం మొన్ననే చూసింది. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల కంచ భూమి. బండలు, కుంటలు, జింకలు, నెమళ్లు, చూడటానికి అడవి కానిది ఏమీ లేదు. కానీ రికార్డులో రిజర్వ్ ఫారెస్ట్ కాదు. 2025 మార్చి చివర బుల్‌డోజర్లు దిగాయి, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అక్కడున్న నెమలికీ శామీర్‌పేట నెమలికీ తేడా లేదు. కింద ఉన్న కాగితమే తేడా.

అయితే కాగితం ఉంటే చాలునా అంటే, కొల్లేరు ఉదాహరణ చూశాం. కేబీఆర్ పార్కుదీ వింత కథే. నేషనల్ పార్కు చుట్టూ ఉండాల్సిన ఎకో సెన్సిటివ్ జోన్‌ను 2020లో ఖరారు చేస్తే అది కొన్నిచోట్ల మూడే మూడు మీటర్లకు వచ్చింది. మూడు మీటర్లంటే ఒక కారు పట్టే అడ్డం. చట్టం అత్యున్నత హోదా ఇచ్చిన అడవికి ఊపిరి పీల్చుకునే జాగా అంతే మిగిలింది. నన్నడిగితే నోటిఫికేషన్ ఎంత పెద్దదన్నది రెండో మాట. ఆ గీత ఎక్కడుందో నేల మీద చూపించగల మనిషి ఒకడు ఉన్నాడా, వాడు దాని వెంట ఏడాదికి ఎన్నిసార్లు నడుస్తున్నాడు అన్నదే మొదటి మాట.

జాలీ అవతల ఏముంది? పటంలో ఆకుపచ్చ రంగు వేస్తారు కాబట్టి జనం దట్టమైన చెట్లు ఆశిస్తారు. ఇక్కడ అలా ఉండదు. గ్రానైట్ బండలు, వాటి పగుళ్లలో సీతాఫలం చెట్లు. చండ్ర, బిళ్ళు, తంగేడు, మోదుగ, అక్కడక్కడా వేప. మధ్యలో ఖాళీగా కనిపించే పసుపు గడ్డి. ఆ గడ్డి మీదనే పూరేడు పిట్టలు, కుందేళ్లు, ఉడుములు బతుకుతాయి. పాలపిట్ట తీగ మీద కూర్చుని చూసేది ఆ గడ్డిలోని మిడతల కోసమే. దక్కను పీఠభూమి ఎండకు తట్టుకుని వేల ఏళ్లు నిలిచిన అడవి ఇలాగే ఉంటుంది.

పేచీ అక్కడే. గడ్డినేల చూస్తే అధికారికీ దాతకూ చేతులు ఊరుకోవు. ఖాళీగా ఉంది, మొక్కలు నాటుదాం అంటారు. 2015 జూలైలో హరితహారం మొదలయ్యాక రాష్ట్రమంతా కోట్ల మొక్కలు పెట్టారు. ఊళ్లలో, రోడ్ల పక్కన అది మంచిదే, మా కాలనీలో నీడ దానివల్లే వచ్చింది. కానీ తొందరగా పెరుగుతాయని గిరిపుష్పం, కోనోకార్పస్ లాంటివి వరసలు కట్టించారు. కోనోకార్పస్ మీద పెద్ద గొడవై, చివరికి అది వద్దన్నారు. రిజర్వ్ ఫారెస్టులో చేయాల్సిన పని వేరు. నరికిన మోళ్లు మళ్లీ చిగురు వేస్తాయి, వాటి చుట్టూ కంప తీసేయాలి. వాన నీళ్లు పారిపోకుండా చిన్న కందకాలు తవ్వాలి. జంతువులకు సాసర్ పిట్లు కట్టి ఎండాకాలం ట్యాంకరుతో నింపాలి. ఇవి చేసి, తర్వాత మనం తప్పుకోవాలి. ఫోటోలో ఇవేవీ కనబడవు. మంత్రి చేతిలో పార, పక్కన గుంత, గుంతలో మొక్క ఉంటే ఫోటో అవుతుంది. తప్పుకుని నిలబడ్డవాడికి ఫోటో ఎవరు తీస్తారు?

మార్చి కాబట్టి ఫైర్ లైన్ల పని నడుస్తోంది. జాలీ వెంట లోపలి వైపు నాలుగైదు మీటర్ల వెడల్పున గడ్డి గీకి, ఆకులు ఊడ్చి, ముందుగానే కాల్చేస్తారు. ఎక్కడైనా నిప్పు అంటుకుంటే ఈ గీత దాటకుండా. ఇక్కడ నిప్పు పిడుగు వల్ల రాదని బావ అంటాడు. రోడ్డు మీది నుంచి విసిరిన బీడీ ముక్క వల్ల, గోడ పక్క కాల్చిన చెత్త వల్ల, లేత గడ్డి మొలవాలని మేకల కాపరి పెట్టిన చిచ్చు వల్ల. ఊరికి దగ్గరగా ఉన్న అడవికి మూడూ పక్కనే ఉన్నాయి.

కండ్లకోయ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. నాగపూర్ హైవే, ఓఆర్‌ఆర్ కలిసే చోటు, ఒకవైపు ట్రక్కుల హోరు, ఇంకోవైపు ఆక్సిజన్ పార్కు గేటు. రిజర్వ్ ఫారెస్టులో కొంత భాగం జనానికి తెరిచి, నడక దారులు వేసి, మిగతాది మూసి ఉంచే అర్బన్ ఫారెస్ట్ పార్కుల పద్ధతి ఇది. నారపల్లి దగ్గర భాగ్యనగర్ నందనవనం, గుర్రంగూడలో సంజీవని వనం, ఇలా నగరం చుట్టూ డజన్ల కొద్దీ వచ్చాయి. కేంద్రం 2020 జూన్‌లో నగర్ వన్ పథకం ప్రకటించి దేశమంతా ఇదే దారి పట్టించింది.

నేను ఇలాంటి పార్కులంటే ముక్కు విరిచేవాళ్లలో ఒకణ్ని. అడవికి ఆర్చి ఎందుకు, సిమెంటు జింక బొమ్మ ఎందుకు, సెల్ఫీ పాయింటు ఎందుకు? బావతో వాదించాను. ఆయన నాతో మాట్లాడకుండా గేటు దగ్గరి కాపలాదారును కదిలించాడు. యాభై దాటిన మనిషి, పక్క ఊరాయనే.

"ఏమన్నా, పార్కు కాకముందు ఇక్కడ ఎట్లుండేది?"

"ఎట్లుంటది సారూ. రాత్రిపూట లారీలల్ల చెత్త తెచ్చి గుమ్మరించిపోయేటోళ్లు. ఇల్లు కూలగొట్టిన మట్టి, కోళ్ల బొచ్చు, అన్నీ ఈడనే. తాగుబోతులు సరేసరి. కట్టెలు కొట్టుకపోయేటోళ్లు. ఇప్పుడు పొద్దుగాల ఐదింటికే వాకింగోళ్లు వస్తరు. లోపల ఒక్క సంచి పడ్డా వాళ్లే నా మీద లొల్లి చేస్తరు. ఫోన్లు గొట్టి పెద్దసార్లకు జెప్తరు."

"లోపలి అడవిలకు పోనిస్తవా?"

"నేను పోనియ్య. నన్నే పోనియ్యరు."

ఆ మాటకు బావ నా వైపు చూశాడు. నా వాదన పూర్తిగా వదలలేదు గానీ కొంత మెత్తబడింది. ఊరికి దగ్గరున్న అడవిని ఎవరూ చూడకపోతే దొంగ ఒక్కడే చూస్తాడు. కొంచెం తెరిస్తే రోజూ వచ్చే వందమంది జీతం లేని కాపలాదారులవుతారు. ఎంత తెరవాలన్నదే కిటుకు. పదో వంతు తెరిచి తొమ్మిది వంతులు మూస్తే అది అడవిని కాపాడే పార్కు. వంతులు తారుమారైతే ఎగ్జిబిషన్ గ్రౌండు.

అడవుల దత్తత మాట కూడా మా మధ్య ఇక్కడే వచ్చింది. 2020 సెప్టెంబరులో నటుడు ప్రభాస్ దుండిగల్ పక్కన ఖాజీపల్లి రిజర్వ్ ఫారెస్టులో 1,650 ఎకరాలు దత్తత తీసుకుని రెండు కోట్లు ఇచ్చాడు, తండ్రి పేరు మీద. 2022 ఫిబ్రవరిలో నటుడు నాగార్జున మేడ్చల్ జిల్లాలోని చెంగిచెర్ల బ్లాకులో 1,080 ఎకరాలు తీసుకున్నాడు, తండ్రి అక్కినేని నాగేశ్వరరావు పేరుతో. కీసర గుట్ట అడవినీ అంతకుముందే అలా తీసుకున్నారు. ఈ డబ్బుతో గోడ, గేటు, నడక దారి, మొక్కలు వస్తాయి. మంచిదే. దత్తత తీసుకున్నంత మాత్రాన అడవి వాళ్ల సొంతం కాదు, శాఖదే. కానీ బీట్ ఆఫీసర్ ఖాళీ భర్తీకి గానీ ఫైర్ వాచర్ కూలికి గానీ సినిమా హీరో చెక్కు ఇవ్వడు. ఇవ్వమని అడిగినవాళ్లూ లేరేమో. గోడ ఒకసారి కడితే చాలు, మనిషికి నెలనెలా ఇవ్వాలి. దాతలకైనా ప్రభుత్వానికైనా ఒకసారి ఇచ్చేదే సులువు.

ఈ కోణంలో చూస్తే దేశాల మధ్య కూడా పెద్ద తేడా లేదు. ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కని చెప్పే యెల్లోస్టోన్‌ను అమెరికా 1872లో ప్రకటించింది. ప్రకటించి వదిలేసింది. వేటగాళ్లు, సందర్శకులు కలిసి దాన్ని దోచుకుంటుంటే 1886లో సైన్యాన్ని దింపారు. ముప్పై ఏళ్లు గుర్రపు సిపాయిలు కాపలా కాశారు. 1916లో నేషనల్ పార్క్ సర్వీస్ పుట్టాక గానీ పార్కుకంటూ మనుషులు దొరకలేదు. మన దగ్గర మొదటిది 1936లో వచ్చిన హేలీ నేషనల్ పార్కు, ఇప్పటి కార్బెట్. ఇవాళ దేశంలో నేషనల్ పార్కులు వంద దాటాయి. అమెరికాలో లాగా వీటన్నింటికీ ఒక సంస్థ లేదు. చట్టం, కొంత డబ్బు కేంద్రానివి, నేల, మనుషులు రాష్ట్రాలవి. పార్కు హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. ఆ హద్దు వెంట నడిచేది మాత్రం రాష్ట్రం జీతమిచ్చే బీట్ ఆఫీసరే.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు కూర్చుని 2030 కల్లా భూమి, సముద్రాల్లో ముప్పై శాతాన్ని సంరక్షించాలని ఒప్పుకున్నాయి. మనకు నేషనల్ పార్కులూ అభయారణ్యాలూ కలిపితే దేశ విస్తీర్ణంలో ఐదు శాతం పైచిలుకు. ముప్పైకి ఎలా చేరాలి? కొత్త పార్కులు ప్రకటించే జాగా నగరాల చుట్టూ ఎటూ లేదు. కాబట్టి ఇదివరకే రిజర్వు చేసి, ఎవరూ లెక్కలోకి తీసుకోని మేడ్చల్ లాంటి ముళ్ల అడవుల్ని సరిగ్గా చూసుకోవడమే మిగిలిన దారి. వీటికి నేషనల్ పార్కు హోదా అక్కర్లేదు. నన్నడిగితే ఇవ్వకపోవడమే మేలు. హోదా వస్తే సఫారీ జీపు వస్తుంది, దాని వెనక క్యాంటీను వస్తుంది.

దూలపల్లికి వచ్చేసరికి మూడున్నర. రాష్ట్ర అటవీ అకాడమీ ఇక్కడే, పక్కనే కేంద్రం వాళ్ల అటవీ జీవవైవిధ్య సంస్థ. కొంపల్లి అపార్ట్‌మెంట్లు గోడదాకా వచ్చేశాయి. ఖాకీ దుస్తుల్లో శిక్షణ కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా, రోడ్డు దాటి టీ కొట్టుకు వస్తున్నారు. బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణ పొందింది ఇక్కడే. మేమూ అదే కొట్టు దగ్గర ఆగాం.

మీకు ముందు ఏం నేర్పారని అడిగాను. చెట్ల పేర్లో, తుపాకీ పట్టడమో చెబుతాడనుకున్నాను.

"గొలుసు. సర్వే గొలుసు, కంపాసు. ఒక పటం చేతుల బెట్టి, ఫలానా నంబరు రాయి దొరకబట్టి రాపొమ్మన్నరు. పొద్దంతా తిరిగినం. ముళ్లు గుచ్చుకుని ఒకడు ఏడ్చిండు. సాయంత్రానికి రాయి దొరికింది, ఒకాయన పొలంల, బావి గట్టుకు పెట్టుకున్నడు. మా ఇన్‌స్ట్రక్టరు అన్నడు, ఇగ గదే మీ ఉద్యోగం అని."

పక్క బల్ల మీద కూర్చున్న శిక్షణ కుర్రాళ్లు ఇద్దరు వింటున్నారు. ఇప్పుడు జీపీఎస్ వచ్చింది సార్, ఫోన్‌లోనే కోఆర్డినేట్లు కనబడతాయన్నాడు ఒకతను. నిజమే, ఫోన్ తీసి చూపించాడు కూడా. హద్దు ఎర్ర గీతలా పడింది, దాని మీద మా నీలం చుక్క.

"ఆ గీత మేకల కాపరికి కనబడుతదా?" అన్నాడు బావ. కుర్రాడు నవ్వి, కనబడదు సార్, రాయి కనబడాలి అన్నాడు.

అప్పుడు బావకు మేం పొద్దున చూసిన చెదిరిన రాళ్ల కుప్ప గుర్తొచ్చింది. తన కింద పనిచేసి ఇప్పుడు సెక్షన్ ఆఫీసర్‌గా ఉన్న ఒకాయనకు ఫోన్ కలిపాడు. ఏ మూల, ఏ దారి, రాయి మీద మిగిలిన అంకె ఎంత, అన్నీ వరసగా చెప్పాడు. అవతలాయన రాసుకుంటున్నట్టున్నాడు, మధ్యలో రెండుసార్లు ఆపించి అడిగాడు. ఫైర్ సీజన్ కాబట్టి మనుషులంతా లైన్ల మీద ఉన్నారట. జూన్‌లో సున్నం వేయించి, రాళ్లు మళ్లీ పేర్పిస్తానన్నాడట. జూన్ దాకా ఆగితే కందకం దాటి ఎవడో దున్నుతాడని బావ గట్టిగానే అన్నాడు. చివరికి వారంలో బీట్ ఆఫీసర్‌ను పంపి ఫోటో తెప్పించుకునేలా ఒప్పందం కుదిరింది. టీ డబ్బులు నేనిచ్చాను.